గడియారం ఎవరి చేతిలో?

రాజధాని నగరంలో కాలాన్ని సెకన్లలో కొలుచుకొని బతికే పేట ఏదైనా ఉన్నదంటే అది ఓల్డ్ రాజిందర్ నగర్. దేశ విభజన తరువాత పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో తరలివచ్చిన శరణార్థుల కోసం వెలసిన ఈ కాలనీకి ప్రథమ రాష్ట్రపతి పేరు పెట్టారు. ఇప్పుడు దాని ప్రధాన వృత్తి సివిల్ సర్వీసు పరీక్ష. ప్రిలిమినరీలో మొదటి పేపరుకు నూరు ప్రశ్నలు, రెండు గంటల వ్యవధి. అంటే ప్రశ్నకు 72 సెకన్లు. ఈ 72 సెకన్ల లెక్క వినపడని కోచింగు గది ఇక్కడ ఉండదు.

ఆ మధ్య బడాబజార్ రోడ్డులో ఒక తేనీటి దుకాణం దగ్గర శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన యువకుడొకడు పరిచయమయ్యాడు. మాటల మధ్య అడిగాను:

"దేశం మొత్తానికి టైము ఎక్కడినుంచి వస్తుంది బాబూ?"

"82½ డిగ్రీల తూర్పు రేఖాంశం సార్. మీర్జాపూరు మీదుగా పోతుంది. కిందికి వస్తే మన కాకినాడకూ తునికీ మధ్యగా సముద్రంలోకి దిగుతుంది."

"రేఖ సరే, గడియారం ఎక్కడుంది?"

కుర్రవాడు కాసేపు ఆలోచించి, "అది ఎవరూ అడగలేదు సార్" అన్నాడు.

గడియారం శంకర్ రోడ్డుకు అవతల, అతడు నడిచి వెళ్ళగల దూరంలో ఉంది. పూసా ప్రాంతంలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో సీసియం గడియారాలూ హైడ్రోజన్ మేసర్లూ కలిసి భారత ప్రామాణిక కాలాన్ని నడుపుతున్నాయి. సూర్యుడూ రేఖాంశమూ పాత సంగతులు. 1967లో ప్రపంచ దేశాలు కుదుర్చుకొన్న నిర్వచనం ప్రకారం, సీసియం పరమాణువులో ఒకానొక స్పందన 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు జరిగితే ఒక సెకను. ఆ లెక్క పెట్టి మన కాలం అంతర్జాతీయ కాలంతో కొద్ది నానోసెకన్ల తేడాలోపల నిలిచేటట్లు చూడడం అక్కడివారి నిత్యకృత్యం. నానోసెకనంటే సెకనులో నూరుకోట్లవ వంతు. అంత సూక్ష్మకాలం ఎవరికి కావాలని పాఠకులు అడగవచ్చు. ఈ లేఖ ఆ ప్రశ్నకోసమే.

ఆ ప్రయోగశాలకు 1947 జనవరి 4న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1950 జనవరి 21న, గణతంత్రం అవతరించడానికి ఐదు రోజుల ముందు, సర్దార్ పటేల్ ప్రారంభించారు. సర్ కె. ఎస్. కృష్ణన్ తొలి డైరెక్టరు. తొలినాళ్ళలో అక్కడ పనిచేసిన వారిలో కాషాయాంబరధారి అయిన తెలుగు సన్యాసి ఒకరున్న సంగతి ఈ తరంవారికి అంతగా తెలియదు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, హిమాలయాలలో యోగసాధన చేసి, స్వామి జ్ఞానానందగా ఐరోపాకు వెళ్ళి, అక్కడ భౌతికశాస్త్రం పట్టుకొన్న మనిషి ఆయన. ప్రాగ్‌లో ఎక్స్-కిరణాలమీద, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ వద్ద బీటా కిరణాలమీద పరిశోధన చేశారు. శూన్యాన్ని సృష్టించి కొలిచే విద్యమీద ఇంగ్లీషులో పెద్ద గ్రంథం రాశారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజులలో ఈ జాతీయ ప్రయోగశాలలో చేరి, 1954లో వాల్తేరు వెళ్ళి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగానికి ప్రాణం పోశారు. నేటికీ ఆ పరిశోధనశాలలు ఆయన పేరుమీదే ఉన్నాయి. శూన్యమూ సమయమూ సరిగా దొరికితే తప్ప కణత్వరణ యంత్రం నడవదు. శూన్యం విషయం స్వామి చూచుకొన్నారు. సమయం విషయం ఇప్పుడు చెప్పుకొందాము.

ఢిల్లీ దక్షిణాన, జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఆనుకొని అరుణా అసఫ్ అలీ మార్గంలో ఎత్తయిన గోపురం ఒకటి కనిపిస్తుంది. అది ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్. 1984లో న్యూక్లియర్ సైన్స్ సెంటర్ పేరిట విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషను స్థాపించిన తొలి అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రం. గోపురం లోపల 26 మీటర్లకు పైబడిన ఉక్కు తొట్టి, దాని నిండా సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు, నడుమ కోటి యాభై లక్షల వోల్టులవరకు ఎక్కించగల కేంద్రస్థానం. అమెరికానుంచి తెచ్చిన ఈ యంత్రాన్ని పెల్లెట్రాన్ అంటారు. లోహపు గుళ్ళను నైలాన్ ముక్కలతో గుచ్చిన గొలుసు తిరుగుతూ ఆ స్థానానికి విద్యుదావేశాన్ని మోసుకొని వెళుతుంది. పైనుంచి వదిలిన రుణ అయానులు నడుమనున్న ధనస్థానంవైపు పరుగెత్తుతాయి. అక్కడ పలుచని కర్బనపు పొర వాటి ఎలక్ట్రాన్లను ఊడబెరుకుతుంది. రుణం కాస్తా ధనమవుతుంది. ఏ శక్తి అయితే తమను ఆకర్షించిందో అదే శక్తి ఇప్పుడు వాటిని కిందికి తరిమివేస్తుంది. ఆకర్షించి దగ్గరకు తీసుకొని, ఉన్నవి లాగేసుకొని, అవతలకు నెట్టివేయడం అనే ఈ ప్రక్రియ రాజధానిలో సంకీర్ణ ప్రభుత్వాలను చూచిన పాఠకులకు బొత్తిగా కొత్త కాదు.

అలా వచ్చే కిరణపుంజం కొళాయి నీరులాగా ఎడతెగని ధార. పరిశోధకుడికి మాత్రం ధార పనికిరాదు, చుక్కలు కావాలి. ఒక కణం లక్ష్యాన్ని ఎప్పుడు తాకిందో తెలియకపోతే, తాకిన తరువాత పుట్టిన శకలం ఎంత వేగంతో వచ్చిందో చెప్పడం అసాధ్యం. కనుక బంచర్ అనే పరికరం ధారను గుంపులుగా విడదీస్తుంది. ముందుపోయే కణాలను కొంచెం వెనక్కు పట్టి, వెనుకబడిన వాటిని కొంచెం ముందుకు తోసి, అందరినీ ఒకే క్షణంలో గమ్యం చేర్చే ఏర్పాటు అది. ఢిల్లీ యంత్రంలో ఇది సెకనుకు కోటి 21 లక్షల 25 వేల సార్లు జరుగుతుంది. లెక్కవేస్తే గుంపుకూ గుంపుకూ మధ్య వ్యవధి దాదాపు 82½ నానోసెకన్లు. మన రేఖాంశమూ 82½ డిగ్రీలే. కాకతాళీయమే సుమా, జ్యోతిష్కులు దీనిమీద వ్యాసాలు రాయనక్కరలేదు.

పెల్లెట్రాన్ ఇచ్చిన శక్తి చాలనప్పుడు కణాలను లినాక్‌లోకి పంపుతారు. అందులో నియోబియం లోహంతో చేసిన 27 అనునాదకాలు ద్రవ హీలియంలో, సున్నాకు 269 డిగ్రీల దిగువన మునిగి ఉంటాయి. వాటిలో విద్యుత్ క్షేత్రం సెకనుకు 9 కోట్ల 70 లక్షల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అట్లతద్దినాడు చింతకొమ్మకు కట్టిన ఊయలను తలచుకొంటే చాలు. ఊయల వెనక్కు వచ్చి ఆగిన తరుణంలో తోస్తే మరింత పైకి పోతుంది. ఎదురు వస్తుండగా తోస్తే ఊగేపిల్ల కింద పడుతుంది. కణాల గుంపు ఒక్కొక్క అనునాదకానికి చేరే సరికి అక్కడి ఊపు సరైన తరుణంలో ఉండాలి. 9 కోట్ల 70 లక్షలు అన్నది కోటి 21 లక్షల 25 వేలకు సరిగ్గా ఎనిమిది రెట్లు కావడం అందుకే. అన్నింటికీ మూలం ఒకే గడియారం. ఆ మూలగడియారం కాస్త తడబడితే కోట్ల రూపాయల యంత్రం వేడి పుట్టించే పొయ్యిగా మిగిలిపోతుంది. కణాల గుంపులు లినాక్‌లోకి అడుగు పెట్టబోయేముందు వాటిని ఇంకా నొక్కి, నానోసెకనులో ఒక చిన్న భాగంలోకి ఇమిడ్చే పని మరొక అనునాదకానిది.

ఈ వృత్తిలో ఉన్నవారు కాలాన్ని మీటర్లలోనూ కొలుస్తారని విని మొదట ఆశ్చర్యపోయాను. వెలుగు ఒక నానోసెకనులో దాదాపు ఒక అడుగు దూరం పోతుంది. తీగలో విద్యుత్ సంకేతం అంతకంటె నెమ్మది. మీటరు తీగ దాటడానికి సుమారు 5 నానోసెకన్లు. ఒక పరికరం నుంచి వచ్చే సంకేతాన్ని 50 నానోసెకన్లు ఆపవలసివస్తే పది మీటర్ల తీగను చుట్టచుట్టి మధ్యలో పెడతారు. బీరువాల వెనుక వేలాడే నల్లని తీగచుట్టలను చూసి అతుకుబొతుకు పని అనుకోకూడదు. ఆ చుట్టలలో నిల్వ ఉన్నది కాలం. తీగ పొడుగు మార్చిన మనిషి ఆ సంగతి పుస్తకంలో రాయకపోతే ఆరు నెలల పరిశోధన గంగపాలు.

ఇక సమాచార సేకరణ. కణాల గుంపు లక్ష్యాన్ని తాకినప్పుడు కేంద్రకం విచ్ఛిన్నమై గామా కిరణాలూ న్యూట్రాన్లూ నలుదిక్కులా ఎగురుతాయి. చుట్టూ పదులకొద్దీ గుర్తింపు పరికరాలు కాచుకొని ఉంటాయి. ఏ పరికరానికి ఏది చిక్కిందన్నది ఒక ప్రశ్న. చిక్కినవాటిలో ఏవేవి ఒకే సంఘటన సంతానం అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. దీనికి పాతపద్ధతి ఒకటి, కొత్తపద్ధతి ఒకటి ఉన్నాయి. రెండింటినీ పార్లమెంటు భాషలో చెబితే మన పాఠకులకు తేలిక.

పాతపద్ధతిలో స్పీకరు గంట మోగిస్తారు. లోక్‌సభలో ఓటింగుకు ముందు మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు, లోపల ఉన్నవారే లెక్కకు వస్తారు. ప్రయోగశాలలో ఈ గంట పేరు మాస్టర్ ట్రిగ్గర్. ముఖ్య పరికరానికి ఏదైనా తగలగానే గంట మోగుతుంది. వంద నానోసెకన్లో రెండు వందలో తలుపు తెరిచి ఉంచి, ఆలోపల వచ్చిన సంకేతాలన్నింటినీ ఒక సంఘటనగా కట్టగట్టి కంప్యూటరుకు పంపుతారు. 1969లో ఐరోపా ప్రయోగశాలలు కుదుర్చుకొన్న కామాక్ ప్రమాణం ప్రకారం తయారైన పెట్టెలు మన దేశంలో దశాబ్దాలపాటు ఈ పని చేశాయి. దీనిలో లోపమేమంటే, కట్ట కట్టుతున్నంతసేపూ సభ తలుపులు మూసి ఉంటాయి. ఆ వ్యవధిలో వచ్చిన కణం ఎంతటి ముఖ్యమైనదయినా రికార్డుకు ఎక్కదు. దీన్ని మృతకాలం అంటారు. మన సభలలో గందరగోళం మధ్య పోయే కాలానికి కూడా ఈ పేరు బాగా అతుకుతుంది.

కొత్తపద్ధతిలో గంట లేదు, తలుపులు లేవు. ప్రతి సభ్యుడికీ ఒక డైరీ, ఒక చేతిగడియారం ఇస్తారు. ఎవరికి ఏది కనిపించినా పక్కవాడితో నిమిత్తం లేకుండా, కనిపించిన కాలంతో సహా రాసుకొంటాడు. సాయంత్రానికి డైరీలన్నీ ఒకచోట చేర్చి, ఒకే కాలముద్ర ఉన్న వాక్యాలను ఏరి, జరిగింది ఇదీ అని నిర్ణయిస్తారు. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో గామా కిరణాల శ్రేణికి 2010 ప్రాంతాల నుంచి ఇటువంటి ఏర్పాటే చేశారు. పది నానోసెకన్లకు ఒక అంకె చొప్పున కాలముద్ర పడుతుంది. పద్ధతి ఎంతో బాగుంది, ఒక్క షరతుమీద: సభ్యులందరి చేతిగడియారాలూ ఒకటే చెప్పాలి. ఒక పెట్టె గడియారం మరొక పెట్టె గడియారంకన్న ఒక్క అంకె జారినా డైరీలు కలవవు. ఒక్కొక్కప్పుడు కలిసినట్లే కనిపించి లేని సంఘటనను ఉన్నట్లు చూపుతాయి. మొదటిది నష్టం. రెండవది ప్రమాదం.

ఈ గామా శ్రేణిని గురించి ఒక మాట. ఇండియన్ నేషనల్ గామా అర్రే అనే పేరుతో 24 జెర్మేనియం పరికరాలను అమర్చగల పటాలం ఇది. ఏ ఒక్క సంస్థకూ అంత కొనే స్తోమత లేక ముంబై, ఢిల్లీ, కలకత్తా సంస్థలు, పలు విశ్వవిద్యాలయాలు కలిసి సమకూర్చుకొన్నాయి. తెరలూ కిరీటాలూ బండి కెక్కించుకొని ఊరూరా తిరిగిన సురభి నాటక సమాజంవారిలాగా, ఈ పరికరాలు కొన్నాళ్ళు ముంబైలో, కొన్నాళ్ళు ఢిల్లీలో, కొన్నాళ్ళు కలకత్తాలో ప్రదర్శన లిస్తాయి. చేరిన ప్రతిచోటా ద్రవ నైట్రోజన్ పోసి చల్లార్చి, తీగలు తిరిగి కట్టి, గడియారాలు మళ్ళీ కలుపుకోవాలి. పంచుకొని వాడుకొనే పరికరానికి ఇది తప్పనిసరి కష్టం. కేంద్ర రాష్ట్ర సంబంధాలలో కూడా ఇంత సయోధ్య ఉంటే ఎంత బాగుండునో!

కాలముద్ర తప్పితే ఏమవుతుందో ప్రపంచమంతా చూచిన ఉదంతం ఒకటున్నది. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతగర్భానికి 730 కిలోమీటర్లు. 2011 సెప్టెంబరులో ఒపేరా పరిశోధక బృందం, సెర్న్‌లో పుట్టిన న్యూట్రినోలు వెలుగుకంటె దాదాపు 60 నానోసెకన్లు ముందే చేరుతున్నట్లు ప్రకటించింది. ఐన్‌స్టీన్ ఓడిపోయాడని పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. ఐదు నెలల తరువాత తేలినదేమిటి? ఉపగ్రహంనుంచి వచ్చే సమయాన్ని మోసుకొచ్చే గాజుతీగ ఒకటి సరిగా బిగించలేదు. అరవై నానోసెకన్లూ అక్కడే పోయాయి. 2012 మార్చి ఆఖరున బృందం నాయకుడు పదవినుంచి తప్పుకొన్నాడు. 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదానికి బాధ్యత వహిస్తూ లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ వద్దన్నారు. అదే ఏడు అరియలూరు దుర్ఘటన తరువాత శాస్త్రి ఆగలేదు. వదులుగా ఉన్న తీగకు పెద్దవారు బాధ్యత వహించే ఆచారం అప్పట్లో మన దగ్గర కూడా ఉండేది.

సెర్న్ పెద్ద యంత్రం విషయంలో ఈ సమస్య మరింత విడ్డూరంగా ఉంటుంది. 27 కిలోమీటర్ల వలయంలో రెండు పుంజాలు 25 నానోసెకన్లకు ఒకసారి ఎదురుపడతాయి. ఆ వ్యవధిలో వెలుగు సైతం ఏడున్నర మీటర్లే పోగలదు. కాగా అట్లాస్ అనే గుర్తింపు పరికరం పొడవు 44 మీటర్లు. మొదటి తాకిడిలో పుట్టిన కణాలు ఇంటి గడప దాటకముందే రెండవ తాకిడి, మూడవ తాకిడి జరిగిపోతాయి. ఎవరు ఏ తాకిడి బిడ్డో తేల్చుకోవడానికి కాలముద్ర తప్ప గతిలేదు. అందుకని అక్కడి ఇంజనీర్లు 2008నుంచి వైట్ రాబిట్ అనే పద్ధతిని రూపొందించారు. మామూలు కంప్యూటరు నెట్‌వర్కు తీగలమీదనే, తీగ పొడవును నిరంతరం తానే కొలిచి సవరించుకొంటూ, కిలోమీటర్ల దూరంలోని వేల పెట్టెల గడియారాలను నానోసెకనుకన్న తక్కువ తేడాతో కలిపి ఉంచుతుంది. పిల్లల కథలో గడియారం చూసుకొంటూ పరుగెత్తే కుందేలు పేరు దానికి పెట్టారు. ఇక్కడ మెచ్చుకోదగిన విషయం, ఆ పద్ధతి నమూనాలను దాచుకోకుండా ఎవరైనా తీసుకొని వాడుకోవచ్చునని బహిరంగంగా పెట్టడం. 2017 జనవరి నుంచి భారతదేశం సెర్న్‌లో అనుబంధ సభ్యురాలు. ఏటా చందా కడుతున్నాము. ఉచితంగా ఇస్తున్నదాన్ని కూడా మన విశ్వవిద్యాలయాలు అందుకోకపోతే ఆ చందా దండుగ.

అందుకొనే చేవ మనకు లేదనలేము. భీమవరం ప్రాంతంలోనే మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను నిలబెట్టినది, అణు పరిశోధనకు కావలసిన పరికరాలు విదేశాలనుంచి తెచ్చుకొనే దుస్థితి తప్పించడానికే. ఇ.సి.ఐ.ఎల్. అంటే ఇవాళ ఓటింగు యంత్రమే గుర్తు వస్తుంది కాని, ఓట్లు లెక్కపెట్టడానికి ముందు ఆ సంస్థ కణాలను లెక్కపెట్టే పెట్టెలు చేసింది. 1969లో దేశంలో తయారైన టి.డి.సి.-12 కంప్యూటరు దానిదే. ఢిల్లీ యాక్సిలరేటర్ కేంద్రంలోనూ సమాచార సేకరణకు కావలసిన పెట్టెలను, ప్రోగ్రాములను అక్కడివారు సొంతంగా తయారుచేసుకొన్నారు. కాలేజీ విద్యార్థులకోసం ఎక్స్‌పైస్ అనే చవకైన ప్రయోగ పరికరాన్ని కూడా వారు రూపొందించారు. పోస్టుకార్డుతో పోటీపడే పరిమాణంలో ఉండి మిల్లీసెకన్ల, మైక్రోసెకన్ల వ్యవధులు కొలిచే ఆ పెట్టె మన జిల్లా కాలేజీలలో ఎన్నింటిలో ఉన్నదో మన విద్యామంత్రులు ఒకసారి కనుక్కోవాలి.

ఇక రాజకీయం. ఈ కేంద్రం ఎందుకు పుట్టిందో తెలియాలంటే మేఘనాథ్ సాహాను తలచుకోవాలి. అణు పరిశోధన యావత్తూ ఒక ప్రభుత్వ శాఖ కోటగోడల లోపలికి వెళ్ళిపోతే విశ్వవిద్యాలయాలు ఎండిపోతాయని ఆయన వాదించాడు. 1952లో కలకత్తానుంచి స్వతంత్రుడుగా లోక్‌సభకు ఎన్నికై, 1954 నాటి అణుశక్తి చర్చలో ప్రభుత్వాన్ని నిలదీశాడు. భాభా పక్షం గెలిచింది. సాహా 1956 ఫిబ్రవరిలో ఈ ఢిల్లీ వీధులలోనే, ప్రణాళికా సంఘం కార్యాలయానికి నడిచి వెళుతూ కుప్పకూలి కన్నుమూశాడు. ఆయన కోరినది అక్షరాలా కాకపోయినా, విశ్వవిద్యాలయాలవారు హక్కుగా వచ్చి వాడుకోగల యంత్రం 1984 తరువాత ఏర్పడింది. ఎవరి సిఫారసూ లేకుండా ప్రతిపాదన రాసి పంపవచ్చు. నిపుణుల సంఘం పరిశీలించి ఎనిమిది గంటల షిఫ్టుల లెక్కన కిరణపుంజం కేటాయిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు ఇక్కడ కేంద్రకాల నిర్మాణంమీద చేసిన పనికి అంతర్జాతీయ పత్రికలలో చోటు దొరికింది. స్వామి వేసిన విత్తు ఢిల్లీలో కాయ కాచిందనవచ్చు.

2025 డిసెంబరులో, శీతాకాల సమావేశాలలో, పదిహేను రోజుల తేడాతో పార్లమెంటు ముందుకు రెండు సంగతులు వచ్చాయి. రెండూ గడియారానికి సంబంధించినవే అయినా వాటిని కలిపి చూచినవారు తక్కువ. మొదటిది మన శ్రీకాకుళం సభ్యుడు, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు ఇచ్చిన సమాధానం. ఢిల్లీ విమానాశ్రయం 10వ రన్‌వేవైపు ఉపగ్రహ సంకేతాల ఆధారంగా దిగుతున్న కొన్ని విమానాలకు దొంగ సంకేతాలు ఎదురైనట్లు ఆయన ఒప్పుకొన్నారు. పత్రికలు దీన్ని దారితప్పే సమస్యగా రాశాయి. నిజానికి జి.పి.ఎస్. పంపేది దారిని కాదు, సమయాన్ని. నాలుగు ఉపగ్రహాల గడియారాలను పోల్చుకొని పరికరం స్థానాన్ని లెక్క కడుతుంది. దొంగ సంకేతమంటే దొంగ టైము. రాజధాని ఆకాశంలో దొంగ టైము తిరగగలిగినప్పుడు, దానిమీద ఆధారపడిన విద్యుత్ కేంద్రాలు, బ్యాంకులు, టెలిఫోనులు, ప్రయోగశాలల గతి ఏమిటి?

2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో ఐదుకోట్ల మందికి కరెంటు పోయినప్పుడు దర్యాప్తు సంఘానికి ఎదురైన పెద్ద తలనొప్పి ఇదే. ఒక్కొక్క ఉపకేంద్రం రికార్డులో ఒక్కొక్క టైము. ఏది ముందు కూలింది, ఏది తరువాత కూలింది తేల్చడానికే ఎంతో శ్రమ పడ్డారు. 2012 జులై ఆఖరున మన ఉత్తరాది చీకటిలో మునిగినప్పుడు, మెట్రో రైళ్ళు సొరంగాలలో ఆగిపోయిన ఆ మధ్యాహ్నం, కారణాలకంటె ముందు క్రమం కావాలన్న మాట ఇక్కడి ఇంజనీర్ల నోట కూడా వినిపించింది.

సొంత ఉపగ్రహాల మాటకు వస్తే కథ సగమే సుఖాంతం. మన నావిక్ వ్యవస్థలోని తొలి ఉపగ్రహంలో విదేశాలనుంచి కొన్న రుబీడియం గడియారాలు మూడూ చెడిపోయాయి. దెబ్బతిన్న ఇస్రో సొంత గడియారం తయారుచేసి 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఆకాశానికి పంపింది. అది గొప్ప విజయమే. 2025 జనవరి 29న, అదే శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగంగా వెళ్ళిన తరువాతి ఉపగ్రహం మాత్రం చేరవలసిన కక్ష్యకు చేరలేదు. అదే నెలలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక ముసాయిదా ప్రకటించింది. న్యాయ, పాలన, వాణిజ్య వ్యవహారాలన్నింటిలో భారత ప్రామాణిక కాలాన్నే వాడాలని దాని సారాంశం. పూసా గడియారాన్ని అహ్మదాబాదు, బెంగుళూరు, భువనేశ్వర్, ఫరీదాబాదు, గౌహతి కేంద్రాలద్వారా దేశమంతటికీ పంచే పథకం కూడా ఉన్నది. పేర్లు చదివిన పాఠకులు గమనించే ఉంటారు: అయిదింటిలో తెలుగుగడ్డమీద ఒక్కటీ లేదు. రేఖ మన ఊళ్ళమీదుగా పోతుంది, గడియారం మాత్రం పొరుగూళ్ళలో దిగుతుంది. ఉద్యమం చేయవలసినంత అన్యాయం కాదు కాని, ఢిల్లీలో మన సభ్యులు అడగదగిన మాటే.

కాలముద్ర ఒక్కటే సర్వరోగ నివారిణి అని నేను అనడంలేదు. ఓల్డ్ రాజిందర్ నగర్ అందుకు సాక్ష్యం. 2024 జులై 27 సాయంత్రం కుంభవృష్టికి ఒక కోచింగు భవనం నేలమాళిగలోకి వరద దూకి, గ్రంథాలయంలో చదువుకొంటున్న ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ నేలమాళిగను అనుమతికి విరుద్ధంగా వాడుతున్నారని, ప్రమాదం జరిగితీరుతుందని సుమారు నెలముందే ఒక విద్యార్థి అధికారులకు ఫిర్యాదు చేశాడు. తరువాత మళ్ళీ గుర్తు కూడా చేశాడు. ఫిర్యాదుకు నంబరు పడింది, తేదీ పడింది, గంటా నిమిషమూ పడ్డాయి. సమాచార సేకరణలో లోపం లేదు. అందుకొన్న సంకేతానికి స్పందించవలసిన చోట మృతకాలం నడుస్తూండినది. ఆగస్టు 2న ఢిల్లీ హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించేదాకా ఆ పేటలో పిల్లలు రోడ్డుమీదనే కూర్చున్నారు.

రెండవ సంగతి మిగిలింది. 2025 డిసెంబరు 15న ప్రభుత్వం లోక్‌సభలో వికసిత్ భారత్ శిక్షా అధిష్ఠాన్ బిల్లును ప్రవేశపెట్టి, ఆ వెంటనే సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపింది. యు.జి.సి.ని తొలగించి కొత్త వ్యవస్థను నెలకొల్పడం దాని ఉద్దేశం. నియంత్రణ ఒకచోట, నిధులు మరొకచోట అన్నది అందులోని సూత్రం. డిగ్రీలు, గుర్తింపులు, రాష్ట్రాల హక్కులు, వీటిమీద చర్చ బాగానే జరిగింది. అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రాలను గురించి ఎవరూ ఎత్తినట్లు లేదు. ఆ కేంద్రాలు 1984లో యు.జి.సి. చట్టానికి చేర్చిన 12(సి.సి.సి.) అనే చిన్న నిబంధనమీద నిలబడినవి. ఢిల్లీ యాక్సిలరేటర్, పుణెలోని ఖగోళ కేంద్రం, ఇండోర్‌లోని పరిశోధక సమాఖ్య అన్నీ ఆ నీడలోనివే. మాతృచట్టం పోతే వీటిని ఏ చేతికి అప్పగిస్తారు? మంత్రిత్వశాఖ నేరుగా పోషిస్తుందా? అణుశక్తి శాఖకు అప్పగించి, సాహా భయపడిన గోడ లోపలికి పంపుతుందా? లేక, మీ ఖర్చు మీరే సంపాదించుకోండని, కిరణపుంజానికి గంటకు ఇంత అని రుసుము కట్టమంటుందా?

మూడవదే జరిగితే మొట్టమొదట తప్పుకొనేవారు ఎవరో ఊహించడం కష్టం కాదు. ఐ.ఐ.టి.లు ఎలాగో కట్టుకొంటాయి. ఏళ్ళ తరబడి అధ్యాపక ఉద్యోగాలు ఖాళీగా పడివున్న మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కట్టలేవు. విశాఖపట్నంలో ఎ.పి. ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒకటిన్నర రోజు ప్రయాణం చేసి, కేటాయించిన షిఫ్టులు అయ్యేదాకా వంతులవారీగా నిద్రపోతూ, తెరమీద గీతలు చూచుకొంటూ గడిపే పరిశోధక విద్యార్థి ఖర్చుల పట్టికలో ఇవాళ రైలు టిక్కెట్టు, భోజనం మాత్రమే ఉన్నాయి. అందులో కొత్తగా ఏ పద్దు చేరుస్తారో బిల్లు ఆమోదం పొందేలోగా రాతపూర్వకంగా చెప్పించవలసిన పని మన రెండు రాష్ట్రాల సభ్యులది. ప్రశ్నోత్తరాల సమయం రోజుకు ఒక గంట. నానోసెకన్లలో లెక్కిస్తే అది చాలా పెద్ద కాలం.